కొంకి పురుగు పిల్లల జబ్బు మాత్రమే కాదు

ఏటా పిల్లలకు నులిపురుగుల బిళ్ళ ఇచ్చే ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు దగ్గరపడుతున్నప్పుడు బంధువులూ ఇరుగుపొరుగువారూ నన్ను నులిపురుగుల గురించి అడుగుతూ ఉంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ప్రయోగశాలల్లో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి అది సహజమే. బడిలో ఇచ్చే బిళ్ళ మంచిదేనా, పరగడుపున వేయవచ్చా, కిందటిసారి వేసినప్పుడు ఒక్క పురుగూ పడలేదు కదా, మళ్ళీ ఎందుకు అన్నవి ఆ ప్రశ్నలు. అన్నీ పిల్లల గురించే. తన గురించి అడిగిన తల్లి గానీ, జీడి తోటలో కూలికి వెళ్ళే అత్తగారి గురించి అడిగిన కోడలు గానీ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు. మనిషి కడుపులో బతికే పురుగుల్లో ఈ ప్రాంతపు నేలకు బాగా సరిపడేదీ, పెద్దవాళ్ళను కూడా వదలనిదీ కొంకి పురుగు. దాని ఊసు మాత్రం ఇళ్ళల్లో వినపడదు.

అందుకు కారణం తేలికగానే అర్థమవుతుంది. ఏలికపాము వానపాములా పొడవుగా, జానెడుకు పైగా పెరిగి, ఎప్పుడో ఒకప్పుడు మలంతో పాటు బయటపడి ఇంటిల్లిపాదినీ హడలగొడుతుంది. రాత్రిళ్ళు ఆసనం దగ్గర దురద పెట్టించే సన్నని తెల్ల పురుగులను చీకట్లో దీపం పట్టుకొని చూసిన తల్లులు ఎందరో ఉన్నారు. కొంకి పురుగు అలా కంటపడదు. సుమారు ఒక సెంటీమీటరు పొడవుండే ఆ పురుగు చిన్నపేగు లోపలి పొరను నోటితో పట్టుకొని ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది. బయటికి వచ్చేవి దాని గుడ్లు మాత్రమే, వాటిని చూడాలంటే సూక్ష్మదర్శిని కావలసిందే. అందుచేత 'పురుగులు పడుతున్నాయా' అని అడిగి, లేవన్న జవాబుతో తృప్తిపడే పద్ధతి ఈ పురుగు విషయంలో ఎందుకూ పనికిరాదు.

మందు వేసిన తరువాత పురుగులు పడకపోతే మందు పనిచేయలేదనుకోవడం కూడా ఇలాంటిదే. 'మాత్ర ఏసినా ఒక్క పామూ పడనేదు బాబూ' అన్న ఫిర్యాదు ఉద్యోగంలో ఉన్నంతకాలం విన్నాను. ఈ నమ్మకానికి పాత అనుభవం ఆధారం. ఒకప్పుడు విరివిగా వాడిన పైపరజీన్ మందు ఏలికపాము కండరాలను చచ్చుపడేలా చేసేది. పట్టు తప్పిన పాము పేగు కదలికలకు కొట్టుకొని, చాలాసార్లు ప్రాణంతోనే బయటికి వచ్చేది. అది చూసిన అమ్మమ్మలకు మందు గుణం కళ్ళెదుట కనిపించేది. ఇప్పుడు ఇచ్చే ఆల్బెండజోల్ పనితీరు వేరు. అది పురుగు కణాలలోని ట్యూబులిన్ అనే ప్రోటీనుకు అతుక్కొని, పురుగు చక్కెరను పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. శక్తి ఉడిగిన పురుగు కొన్ని రోజుల మీద నెమ్మదిగా చనిపోతుంది, చాలావరకు పేగులోనే చివికిపోతుంది. కాబట్టి ఏమీ పడకపోవడం మందు లోపం కాదు.

ఉద్యోగం తొలినాళ్ళలో నేను చూసిన ఒక పరీక్ష గురించి కొంచెం వివరంగా చెబుతాను. రెండో కాన్పు అయిన ఒక యువతిని ఆమె అత్తగారు వెంటబెట్టుకొని వచ్చింది. ఇద్దరూ కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవారే. 'పని దొంగ బాబూ, రెండు గంపలు మోసీసరికి కూకుంతాది' అని అత్తగారి ఆరోపణ. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆమె కింది కనురెప్పను లాగి చూస్తే ఎరుపన్నదే లేదు. గోళ్ళు ఉబ్బెత్తుగా ఉండవలసింది పోయి మధ్యలో గుంటపడి ఉన్నాయి. ఆ రోజుల్లో మాకు యంత్రాలు లేవు. హిమోగ్లోబిన్ కొలిచే సాలీ గొట్టంలో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వేలి నుంచి తీసిన రక్తం అందులో కలిపి, గోధుమరంగు వచ్చాక పక్కనున్న గాజుకడ్డీ రంగుతో సరిపోయేదాకా చుక్కచుక్కగా నీరు పోయడమే పద్ధతి. ఆమె రక్తానికి పట్టుమని నాలుగు చుక్కలు పోయకముందే రంగు సరిపోయింది. లెక్క చూస్తే హిమోగ్లోబిన్ 6 గ్రాములు. స్లైడు మీద పలుచగా పరచి రంగు వేసిన రక్తంలో ఎర్రకణాలు చిన్నవిగా, నడుమ వెలిసిపోయి, అంచు మాత్రమే మిగిలిన వలయాల్లా ఉన్నాయి. వాటి మధ్య నారింజరంగు రేణువులు నిండిన ఇసినోఫిల్ అనే తెల్లకణాలు ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువగా కనిపించాయి. ఒంట్లో పురుగు ఉందేమో చూడమని ఆ కణాలు ముందే హెచ్చరిస్తాయి. డాక్టరుగారు మలపరీక్ష రాశారు.

మలాన్ని అగ్గిపుల్ల కొనతో రవ్వంత తీసుకొని స్లైడు మీద సెలైన్ చుక్కలో కలిపి, కవర్ స్లిప్ వేసి చూడాలి. కింద పెట్టిన వార్తాపత్రిక అక్షరాలు స్లైడు లోనుంచి చదవగలిగితే పలుచదనం సరిపోయినట్టు. ఏలికపాము గుడ్డును కొత్తవాడు కూడా పట్టుకోగలడు. పసుపు కలిసిన గోధుమరంగులో, పైపొర ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొరడా పురుగు గుడ్డు పీపా ఆకారంలో ఉండి రెండు కొసలా బిరడాలు పెట్టినట్టు కనిపిస్తుంది. కొంకి పురుగు గుడ్డుకు రంగు ఉండదు. వెలుతురు ఎక్కువైతే మాయమవుతుంది. కాంతిని తగ్గించి ఓపికగా వెతికితే, పలుచని పెంకు, దాని లోపల ఖాళీ జాగా, ఆ జాగా మధ్యలో నాలుగు కణాలుగా చీలిన పిండం కనిపిస్తాయి. ఆ అమ్మాయి స్లైడులో వెతకవలసిన అవసరమే రాలేదు, అవి అన్ని వైపులా ఉన్నాయి. డాక్టరుగారి సలహా మీద మరునాడు అత్తగారు కూడా నమూనా ఇచ్చింది. ఆమెలోనూ అవే గుడ్లు, కాకపోతే కొంత తక్కువ. ఇద్దరికీ ఆల్బెండజోల్, ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపారు.

పురుగు ఒక్కొక్కటి తాగే రక్తం ఎంతో కాదు. దక్షిణ భారతంలో ఎక్కువగా ఉండే నెకేటర్ రకం రోజుకు సుమారు 0.03 మిల్లీలీటర్లు, ఆంకైలోస్టోమా రకం దానికి అయిదారు రెట్లు తాగుతాయి. వంద నెకేటర్ పురుగులున్న మనిషి రోజుకు 3 మిల్లీలీటర్ల రక్తం పోగొట్టుకుంటాడు. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక మిల్లీలీటరుకు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది కనుక ఆ నష్టం ఒకటిన్నర మిల్లీగ్రాము. అందులో కొంత భాగాన్ని పేగు తిరిగి పీల్చుకుంటుంది, నిజమే. అయినా మనం తిన్న తిండి నుంచి శరీరం రోజుకు పీల్చుకునే ఇనుము మొత్తం ఒకటి రెండు మిల్లీగ్రాములు మించదన్నది గుర్తుపెట్టుకుంటే, చోడి అంబలీ వరి అన్నమూ మీద బతికే ఇంట్లో, నెలసరి ద్వారా, కాన్పుల ద్వారా అప్పటికే రక్తం పోగొట్టుకునే స్త్రీకి ఈ లోటు ఎక్కడ నుంచి పూడుతుంది? పైగా పురుగు ఒకచోట కొరికి, రక్తం గడ్డకట్టకుండా తన లాలాజలం వదిలి, తాగినంత తాగి పక్కకు జరుగుతుంది. వదిలేసిన పుండు కొంతసేపు కారుతూనే ఉంటుంది. గోడ సున్నం గీక్కుని తినడం, బలపాలు నమలడం, పచ్చి బియ్యం బుక్కడం వంటి అలవాట్లను పిల్లల అల్లరిగానో గర్భిణి కోరికగానో కొట్టిపారేస్తాం గానీ, చాలాసార్లు అవి ఇనుము లోటుకు గుర్తులు.

ఇక ఈ పురుగు ఒంట్లోకి చేరే దారి. మురికి చేతులతో తినడం వల్ల అన్ని పురుగులూ వస్తాయని మనం బడిలో చదువుకున్నాం. ఏలికపాముకూ కొరడా పురుగుకూ అది సరిపోతుంది. కొంకి పురుగు ముఖ్యంగా అరికాలి గుండా వస్తుంది. 1890ల చివర కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్, ఈ పురుగు పిల్లలున్న నీటిని జంతువులకు పట్టిస్తూ పొరపాటున తన చేతి మీద ఒలకబోసుకున్నాడు. ఆ చోట మంట, దురద పుట్టాయి. నీటిలో పురుగు పిల్లలు కనిపించకుండా పోయాయి. కొన్ని వారాల తరువాత తన మలంలోనే గుడ్లు కనిపించాక, అవి చర్మాన్ని తొలుచుకొని పోతాయని ఆయనకు రూఢి అయింది. చర్మం దాటిన పురుగు పిల్ల రక్తంలో పడి గుండెకు, అక్కడ నుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఊపిరిగొట్టం వెంట గొంతులోకి పాకి, గుటకతో కడుపులోకి జారి, చిన్నపేగులో స్థిరపడుతుంది. ప్రవేశించిన నాటి నుంచి గుడ్లు పెట్టడానికి అయిదారు వారాలు పడుతుంది.

గుడ్డు నేలమీద పడ్డాక ఒకటి రెండు రోజుల్లో పొదిగి, అయిదు నుంచి పది రోజుల్లో చర్మాన్ని తొలిచే దశకు వస్తుంది. దానికి కావలసినవి వెచ్చదనం, తేమ, నీడ, గుల్లగా ఉండే ఇసుక నేల. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో తిరిగినవారికి ఈ వర్ణన ఏ నేలదో నేను చెప్పనక్కరలేదు. కొబ్బరి, పనస, జీడి చెట్ల నీడ పడే ఆ ఇసుక నేల తొలకరి తరువాత నెలల తరబడి చల్లగా, తడిగా ఉంటుంది. నిటారుగా ఎండ కాసే బీడు నేలలో పురుగు పిల్ల ఎండిపోయి చస్తుంది. తోట నీడలో మూడు నాలుగు వారాలు బతకగలదు. జీడి గింజలు ఏరే వేసవి నెలల కన్నా వానలు మొదలై తోటల్లో కలుపు తీసే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. వేళ్ళ సందుల్లో పుట్టే దురదను అందరూ వాననీటికి నానడం వల్ల వచ్చినదనే అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే, కొన్నిసార్లు అది పురుగు దూరిన చోటు.

పెద్దవాళ్ళ విషయం ఇక్కడే ముందుకు వస్తుంది. ఏలికపాములు, కొరడా పురుగులు బడిఈడు పిల్లల్లో ఎక్కువగా ఉండి, వయసు పెరిగే కొద్దీ తగ్గుతాయి. కొంకి పురుగుల సంఖ్య చాలాచోట్ల వయసుతో పాటు పెరుగుతూ పోతుంది, ఎందుకంటే చెప్పులు లేకుండా నేలమీద పనిచేసే ఏళ్ళు పెరుగుతాయి, పురుగు కూడా ఏళ్ళ తరబడి బతుకుతుంది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినోత్సవం 1 నుంచి 19 ఏళ్ళ వారి కోసం. గర్భిణులకు మూడో నెల దాటాక ఒక బిళ్ళ ఇచ్చే ఏర్పాటు రక్తహీనత నివారణ కార్యక్రమంలో ఉంది. ఆ ఈడు దాటి, గర్భిణి కూడా కాని, తోటకు వెళ్ళే ముప్పై అయిదేళ్ళ స్త్రీకి బిళ్ళ ఇచ్చే రోజంటూ ఈ ఏర్పాట్లలో లేదు. తన గొర్రెల మందకు తప్పకుండా నట్టల మందు తాగించే ఆసామిని 'నువ్వెప్పుడైనా వేసుకున్నావా' అని అడిగితే నవ్వేస్తాడు.

మరుగుదొడ్డి కట్టిస్తే పోతుందన్నది సగం నిజం. ఇంటి దొడ్లో మరుగుదొడ్డి ఉన్నా, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చే కూలికి తోటలో ఏముంది? చెట్టు చాటే. ఆ చెట్టు కిందే వారం పది రోజులకు మరొకరు వట్టికాళ్ళతో గింజలు ఏరుతారు. ఈ పరిస్థితి మనకే ప్రత్యేకం కాదు. 1870లలో ఆల్ప్స్ పర్వతాల కింద గోథార్డ్ రైలు సొరంగం తవ్విన ఇటాలియన్ కూలీలు పాలిపోయి, ఆయాసపడి కూలబడిపోతుంటే, 1880లో ట్యూరిన్‌కు చెందిన పెరోంచితో అనే శాస్త్రవేత్త వాళ్ళలో కొంకి పురుగును కనిపెట్టాడు. వెచ్చని, తడి సొరంగంలో వేలమంది కూలీలు, మరుగుదొడ్డి మాత్రం లేదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పేద రైతులను దశాబ్దాల పాటు సోమరులని ఎగతాళి చేశారు. అక్కడి ఇసుక నేలల్లో ఈ పురుగు విస్తారంగా ఉందని 1902లో చార్లెస్ స్టైల్స్ అనే శాస్త్రవేత్త చెప్పినప్పుడు పత్రికలు దానికి సోమరితనపు క్రిమి అని పేరు పెట్టాయి. 1909లో కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ ఇచ్చిన పది లక్షల డాలర్లతో మొదలైన ఉద్యమం పరీక్షలు చేసి, మందులిచ్చి, మరుగుదొడ్లు కట్టమని ఊరూరా ప్రచారం చేసింది. 'పని దొంగ' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఆ పత్రికల పేరు గుర్తొస్తుంది.

ఉద్దానంలో మరో చిక్కు ఉంది. ఇక్కడ ఎవరికి నీరసమన్నా మొదట భయపడేది కిడ్నీ గురించి. పరుగున వెళ్ళి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటారు. ఆ భయం సహేతుకమైనదే, ఆ పరీక్ష మానమని నేను అనను. కిడ్నీ జబ్బులో కూడా రక్తం తగ్గుతుంది, అయితే రక్తకణాల తయారీని పురిగొల్పే హార్మోను కిడ్నీ నుంచి చాలినంత రాకపోవడం అందుకు ముఖ్యకారణం. క్రియాటినిన్ మామూలుగా ఉందని తెలిశాక 'ఏమీ లేదు' అని ఇంటికి వచ్చేసేవారిలో, రక్తహీనతకు అసలు కారణం ఇంకా పేగులోనే ఉన్నవారు ఉంటారు. రెండూ చూడాలి, అంతే.

మిగతా పురుగుల గురించి రెండు మాటలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు తెలియనివారు లేరు. దానికి కారణమైన ఫైలేరియా పురుగు పేగులో కాక శోషరస నాళాల్లో ఉంటుంది, క్యూలెక్స్ దోమ ద్వారా వస్తుంది. దాని పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కనుక మేము పది గంటల తరువాత ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసేవాళ్ళం. ఫైలేరియా మందుల పంపిణీలో డీఈసీతో పాటు ఇచ్చేది కూడా ఆల్బెండజోలే కాబట్టి, ఆ రోజు ఆశా కార్యకర్త ఎదురుగా బిళ్ళలు మింగిన పెద్దలకు కొంకి పురుగు మందు కూడా పడినట్టే. దాచుకొని తరువాత పారేసేవారు ఈ లాభాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. పంది మాంసపు బద్దె పురుగు విషయంలో ఒక అపోహ ఉంది. సరిగా ఉడకని మాంసం తిన్నవారి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ వచ్చేది మాత్రం ఆ పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్లు, చేతుల ద్వారానో కూరల ద్వారానో నోట్లో పడటం వల్ల. మాంసం ముట్టనివారికి కూడా అది వస్తుంది.

మందు సంగతి. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, ఏడాది నిండి రెండేళ్ళ లోపు ఉన్న పిల్లలకు సగం పొడి చేసి. నమిలి మింగాలి, పరగడుపున ఉండనక్కరలేదు. మొదటి మూడు నెలల గర్భిణులు వేసుకోకూడదు, జ్వరంతోనో మరే జబ్బుతోనో ఉన్న పిల్లలకు ఆ రోజు ఆపాలి. ఎక్కువ పురుగులున్నవారికి కొంచెం కడుపునొప్పి, వికారం కలగవచ్చు. ఒక బిళ్ళతో ఏలికపాములు దాదాపు పూర్తిగా పోతాయి. కొంకి పురుగులు అయిదుగురిలో నలుగురికి పోతాయి. కొరడా పురుగు మీద మాత్రం ఒక్క బిళ్ళ ప్రభావం చాలా తక్కువ. మళ్ళీ అదే నేల మీద అవే వట్టికాళ్ళతో నడిస్తే పురుగు మళ్ళీ వస్తుంది కనుకనే ఏడాదికి రెండు తేదీలు పెట్టారు. బిళ్ళ పురుగును తీస్తుందే తప్ప పోయిన రక్తాన్ని తేదు. రక్తం పెరగడానికి ఐరన్ బిళ్ళలు కనీసం మూడు నెలలు డాక్టరు చెప్పినట్టు వాడాలి. పెద్దలు దుకాణంలో తమంతట తాము కొనేకన్నా ఒకసారి మలపరీక్ష చేయించుకుని వాడటం నాకు నచ్చే పద్ధతి.

ఆ పరీక్షకు వెళ్ళేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. నమూనాను మూత గట్టిగా పట్టే పొడి డబ్బాలో, గోలీకాయంత పరిమాణంలో తేవాలి. మూత్రం, నీరు కలవకూడదు. మన్ను అసలే అంటకూడదు, ఎందుకంటే నేలలో స్వేచ్ఛగా బతికే పురుగులు దానిలో చేరి పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. ముందురోజు తీసి ఉంచినది తేవద్దు. ఈ వేడికి కొంకి పురుగు గుడ్లు డబ్బాలోనే పొదిగి, బయటికి వచ్చిన పిల్లలు స్ట్రాంజిలాయిడిస్ అనే మరో పురుగు పిల్లల్లా కనిపిస్తాయి, అప్పుడు తేడా చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. ఉదయం తీసినది రెండు గంటల లోపు ప్రయోగశాలకు చేర్చాలి. పురుగులు తక్కువగా ఉంటే ఒక స్లైడులో గుడ్డు చిక్కకపోవచ్చు కనుక, రక్తం తక్కువగా ఉండి కారణం తెలియనివారు మరో రెండు రోజులు విడివిడిగా నమూనాలు ఇవ్వడం మేలు. వారం పది రోజుల్లో ఆల్బెండజోల్ వేసుకొని ఉంటే ఆ మాట పరీక్ష చేసేవారికి ముందే చెప్పాలి.